సారలమ్మకు తెలిసిన లీజు

సారలమ్మకు చదువు రాదని ఎవరైనా అంటే, వాళ్ల నోరు మళ్లీ లేవకుండా చేయడం మాత్రం ఆమెకు బాగా వచ్చు. నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు సీసాలకు మూతలు బిగించింది. మొదటి నెల జీతానికి వేలిముద్ర వేయమన్నారని సిగ్గుపడి, భర్త బుచ్చిరాములు దగ్గర పదిహేను రోజులు కూర్చుని తన పేరు రాయడం నేర్చుకుంది. ఆ నాలుగు అక్షరాలే ఆమె చదువు.

భర్త పోయాడు. పని మానేసినప్పుడు ఫ్యాక్టరీవాళ్లు చేతిలో పెట్టిన డబ్బును ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ డబ్బుతో మేడిపల్లిలో, తనతో పనిచేసిన సాలమ్మ ఇంటి వెనక రెండు గదులు తీసుకోవాలని ఆశ. ఆ సంగతి కొడుకు రంజిత్‌కు తెలుసు.

రంజిత్ చాలా ఏళ్లు పరాయివాళ్ల క్యాబులు నడిపాడు. రెండున్నరేళ్ల కింద కరెంటు కారు మీద మనసు పడింది. అన్నం ముందు కూర్చుని మాట కదిపాడు.

"డీజిల్ పోసి పోసి ఏం మిగుల్తలేదమ్మా. కరెంటు బండైతె ఎయిర్‌పోర్టు గిరాకీ మస్తుంటది."

"అయితె కొను. నా పైసలిస్త. మనదని ఉంటది."

"కొంటె బ్యాటరీ ఫికరు. అది పోతె సగం బండి పోయినట్టే. లీజుకు తీస్కుంటె కంపెనోడే సూస్కుంటడు. మూడేండ్లు."

లీజు అన్న మాట వినగానే సారలమ్మ ముఖం విప్పారింది. ఆమె ఇదివరకు రెండిళ్లలో లీజుకు ఉంది. ఇంటాయనకు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చారు, నెలనెలా కిరాయి లేదు, ఖాళీ చేసిన రోజు ఇచ్చినదంతా తిరిగొచ్చింది. ఆమెకు లీజంటే అదే.

"బండ్లకు సుత లీజున్నదా? గదే మంచిది. నువ్వు నడుపుకుంటవు, నా పైసలు నాకొస్తయ్."

రంజిత్ కలిపిన అన్నాన్నే మళ్లీ కలుపుతూ కూర్చున్నాడు. కోడలు సంతోషి మొగుడి వైపు ఒకసారి చూసి, చెంబు నిండా నీళ్లు ఎదురుగానే ఉన్నా, నీళ్ల కోసమని లోపలికి వెళ్లింది.

ఉప్పల్‌లోని ఆఫీసులో కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నరేన్ అనే కుర్ర ఉద్యోగి మర్యాదగానే అడిగాడు. "షరతులు చదివి చెప్పమంటారా అమ్మా?"

"నాకు లీజు తెల్వదా బిడ్డా? రెండు సార్లు లీజుకున్నం."

నరేన్ నవ్వి కాగితాలు రంజిత్ వైపు జరిపాడు. రంజిత్ పేజీలు తిప్పుతూ, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు. సారలమ్మ తన డబ్బంతా కట్టి, పదకొండు చోట్ల, గీత దాటకుండా, తన నాలుగక్షరాలు రాసింది.

బండి బాగానే నడిచింది. గల్లీలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ ఆమె లీజు గొప్పతనం చెప్పింది. రెండు గదులూ ఎవరికీ ఇవ్వొద్దని సాలమ్మకు కబురు పెట్టింది.

మొన్న కారు తలుపు మీద గీత పడితే చూడటానికి నరేన్ ఇంటికొచ్చాడు. చాయ్ ఇచ్చి అడిగింది.

"మూడేండ్లు నిండంగనె నా పైసలు చెక్కిస్తరా, చేతికిస్తరా?"

"ఏ డబ్బులమ్మా?"

"నేను కట్టినయి."

"అది ముందుగా కట్టిన కిరాయి కదమ్మా. నెలనెలా అందులోంచే పట్టుకున్నాం, అయిపోవచ్చింది. గడువు తీరాక బండి మాకిచ్చేస్తారు. రంజిత్‌కు అప్పుడే వివరంగా చెప్పాను."

"లీజంటె కిరాయా?"

"బండ్లకైతే అంతేనమ్మా."

 నరేన్ చాయ్ తాగి వెళ్లేదాకా సారలమ్మ ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నం రంజిత్ అన్నానికి వచ్చాడు.

"లీజంటె నేనేమనుకున్ననో నీకెర్కేనా?"

రంజిత్ చెప్పులు విప్పబోయి ఆగాడు. "ఎర్కనే."

"ఎప్పట్నుంచి?"

"ఆ దినం నుంచె. చెప్తె ఇయ్యవనుకున్న."

"చెప్పి అడిగితె ఇచ్చేదాన్ని. తిట్టి ఇచ్చేదాన్ని. పోతె పోయినయని ఎర్కతోని ఇచ్చేదాన్ని. ఏలు పెట్టి సూపిచ్చినవ్, పదకొండు సార్లు సంతకం పెట్టిన. ఏలిముద్రేసెటోళ్లు నయం, జర భయపడుతరు."

"అత్తమ్మా, ముందుగాల అన్నం తిను," అంది సంతోషి.

"అప్పుడు నీళ్లకని లోపలికి పోతివి గద. ఇప్పుడు సుత పో."

చీర మార్చుకుని సంచి తీసుకుంది. గదులు వద్దని సాలమ్మకు తన నోటితోనే చెప్పాలి. నేను దించుతనమ్మా అంటూ రంజిత్ ముందు తలుపు తెరిచాడు. ఆమె వెనక తలుపు తెరుచుకుని ఎక్కింది. ఉప్పల్ చౌరస్తా దాటింది, పీర్జాదిగూడ దాటింది. అద్దంలో కొడుకు కళ్లు ఎన్నిసార్లు వెతికినా ఆమె కిటికీ వైపే చూసింది.

సాలమ్మ గేటు ముందు దిగి, "ఎంతయింది?" అని అడిగింది.

"అమ్మా, గట్లనకు."

"ఎవని బండో. ఊకె ఎక్కుతనా."

కొంగు ముడి విప్పి, ఐదు వందల నోటు ముందు సీటు మీద పెట్టింది. చిల్లర కోసం కిటికీలోంచి చెయ్యి చాపి నిలబడింది.