సంతకం ఆయనది, అబద్ధం నాది

డాక్టర్ కృపాదానం గారు ప్రభువు సన్నిధికి చేరుకున్నారన్న కబురు మంగళవారం ఉదయం ఆసుపత్రిలో ఉండగా నాకు అందింది. మర్నాటి ఆపరేషన్‌కు ఒక ముసలాయన గుండె, ఊపిరి పరీక్షిస్తున్నాను. డాక్టర్ గారి ఇంటి పక్కనే ఉండే మా నర్సు ఫోన్ చేసి, "పొద్దున్న లేసి మొగం కడుక్కున్నారండి, కాఫీ తెమ్మని కుర్చీలో కూకున్నారు. అమ్మగారు గ్లాసు తెచ్చీసరికి ఎల్లిపోనారండి" అని భోరుమంది. ముసలాయన నా ముఖం చూసి, "ఏటయ్యింది బాబూ, నా గుండె బాగోలేదేటి?" అని కంగారుపడ్డాడు. బాగానే ఉందని చెప్పి లేచాను.

ఆ క్షణాన నాలో మొదట కదిలింది దుఃఖం కాదు. ఇక ఎవరికీ తెలియదన్న తేలికదనం. అది ఒక్క క్షణమే ఉంది, కానీ ఉంది. దుఃఖం దాని వెనకాల వచ్చింది. మన సంఘ పత్రికకు ఆయన గురించి రాయమని పాస్టరు గారు అడిగినప్పుడు, ఆ క్షణం సంగతి దాచి రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదని తోచింది. అందుకే అక్కడినుంచే మొదలుపెడుతున్నాను.

చీపురుపల్లి చుట్టుపక్కల ఆయన చేతి కత్తిగాటు లేని కుటుంబం తక్కువ. ముప్పై ఏళ్లకు పైగా మన మిషన్ ఆసుపత్రిలో ఆయనే సర్జన్. అందులో పద్దెనిమిదేళ్లు నేను ఆయన పక్కన మత్తు డాక్టరుగా పనిచేశాను. మిషన్ కాంపౌండులో వంటమనిషి కొడుకుగా పుట్టి, అదే ఆసుపత్రి వరండాలో చదువుకుని, డాక్టరై అక్కడికే తిరిగి వచ్చారు. పెద్ద చదువు ఆయన మాటను మార్చలేదు. ఇంట్లో మాట్లాడినట్టే వార్డులోనూ మాట్లాడేవారు.

ఆయన వార్డులోకి వచ్చే తీరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కేసు షీటు చూడకముందే మంచం అంచున కూర్చుని "ఏటి తిన్నావు?" అని అడిగేవారు. ఒకసారి బొబ్బిలి నుంచి వచ్చిన ఒకావిడ, కడుపు ఆపరేషనై రెండో రోజు, "ఏటీ తినలేదు బాబూ" అంది. ఆయన వంగి చూసి, "మరి మూతిమీద ఆవకాయ ఎవులు రాసినారు? నేనేటి?" అన్నారు. కుట్లు లాగుతున్నా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వకే, నా కుట్లు ఊడిపోతాయి. మల్లా కుట్టడానికి నాకు ఓపిక లేదు" అని గదమాయించి, ఆ పూటకి గంజి తప్ప ఏమీ పెట్టవద్దని నర్సుకు చెప్పి వెళ్లారు.

ప్రభుత్వ బీమా కార్డు గురించి మా డాక్టర్లం కూడినప్పుడల్లా ఏదో ఒకటి విసుక్కునేవాళ్లం. ఆపరేషన్‌కు అనుమతి రావడం ఆలస్యం. అనుమతి వచ్చాక ఆపరేషన్ ఫొటో మరొకటి కావాలంటారు. డబ్బు నెలల తరబడి రాదు, వచ్చినా కోత పడుతుంది. జీతాలు ఆలస్యమైన నెలల్లో ఆయనకూ ఆలస్యమయ్యేవి. అయినా మాతో కలిసి తిట్టేవారు కాదు. ఒకరోజు నేను మరీ గట్టిగా మాట్లాడాను. ఫొటోలు అడగడం డాక్టర్లను దొంగలుగా చూడటమే అన్నాను. ఆయన చేతులు కడుక్కుంటూ, "ఒరే ప్రకాశం, కార్డు రాకముందు నువ్వు లేవు. ఇదే వరండాలో ఆపరేషన్ వద్దని రోగిని మంచంతో సహా ఎత్తుకుపోయినోళ్లని నేను సూసేను. ఎడ్లని అమ్మి వచ్చినోళ్లని సూసేను. ఇప్పుడు ఆ మనిసి ఒక కాగితం ముక్క పట్టుకొని దర్జాగా వస్తన్నాడు. వాళ్లు ఫొటో అడిగితే మనకి పొయ్యిందేటి? ఎవుడో అబద్ధం రాసినాడు కాబట్టే కదా అడుగుతన్నారు?" అన్నారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "అబద్ధం రాసినోడు గవర్నమెంటు కాడ దొంగిలించినాడనుకుంటాడు. కాదు. వెనకాల వరసలో నిలబడ్డ రోగి కాడ దొంగిలించినాడు" అని కూడా అన్నారు. నేను తలూపాను. ఆ తర్వాత ఒక్క సంవత్సరానికి నేనే దొంగిలించాను.

ఆయన పనిలో ఒక అలవాటు ఉండేది. దాన్ని చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. సోమవారం ఉదయం ప్రార్థన ముగిశాక, ఆ వారానికి సరిపడా బీమా ఫారాల కట్ట నేను ఆయన ముందు పెట్టేవాణ్ణి. అన్నీ ఖాళీవే. ప్రతి దాని కింద ఆయన ముందుగానే సంతకం చేసేవారు. ఆపరేషన్ గదిలోకి వెళ్తే సాయంత్రం దాకా బయటికి రాలేరు. సంతకం కోసం కాగితం ఆగితే అనుమతి ఆగుతుంది, అనుమతి ఆగితే రోగి ఆగుతాడు. బీమా కాగితాల బాధ్యత నాది కాబట్టి వివరాలు నేను నింపి పంపేవాణ్ణి. "నింపాక ఒకసారి చదవండి సార్" అని మొదట్లో అన్నాను. "నువ్వు సదువుతావు కదా, మల్లా నేనెందుకు?" అన్నారు. చర్చిలో ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకునే మనుషుల మధ్య అనుమానానికి చోటేమిటని ఆయన నమ్మకం. నేనూ అలాగే నమ్మాను.

ఒక గురువారం మధ్యాహ్నం గురమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చి మన సంతలో ఎండుచేపలు అమ్మే మనిషి. గంప దగ్గరే కుప్పకూలిందని పక్క అంగడివాళ్లు ఆటోలో తెచ్చారు. "కుడిపక్క కోసేత్తన్నాది బాబూ, కత్తి పెట్టి తిప్పేత్తన్నట్టు" అని మెలికలు తిరుగుతోంది. అపెండిక్స్ వాచింది. అప్పట్లో మాకిచ్చిన జాబితాలో మామూలు అపెండిక్స్ ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రులకే ఉండేది. అది పగిలి కడుపంతా చీము పడితేనే మాలాంటి ఆసుపత్రికి బీమా వర్తించేది. విజయనగరం పెద్దాసుపత్రికి పంపుదామా అని ఆమెను అడిగాం. "అక్కడ నాకెవులు తెలుసు? మీరే సేసీండి బాబూ" అని డాక్టర్ గారి చెయ్యి వదల్లేదు.

ఆపరేషన్ చేశారు. మత్తు ఇచ్చి ఆమె తల దగ్గర నిలబడ్డది నేనే. అపెండిక్స్ ఎర్రగా వాచి ఉంది, పగలలేదు. "సమయానికొచ్చింది మారాణి" అని డాక్టర్ గారు నవ్వి, ఎప్పటిలాగే దాన్ని ఫొటో తీయించి, నావైపు తిరిగి, "ఇది కార్డుకి రాదు కదరా. పేదల నిధిలో రాసీ" అన్నారు. "సరే సార్" అన్నాను.

పేదల నిధి అంటే మన సంఘం కానుకలతో నడిచేది. అది ఆ నెల అడుగంటింది. అడిగితే సంఘం ఇచ్చేది, అడగడమే కావాలి. కానీ అంతకు ముందు వారమే మన ఆసుపత్రి కమిటీలో, నా చేతిలోకి వచ్చాక బీమా పని గాడిన పడిందని నేను గొప్పగా చెప్పి ఉన్నాను. మళ్లీ వెళ్లి చేయి చాచాలనిపించలేదు. కట్టలోంచి సంతకం ఉన్న ఫారం ఒకటి తీసి, అత్యవసర కేసనీ, అపెండిక్స్ పగిలిందనీ, చీము కడిగామనీ రాసి పంపాను. పేదరాలి మీద జాలితో చేశానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. జాలికి మరో దారి ఉంది. అది ఆయన చూపించారు. నాకు కావలసింది నా మాట నెగ్గడం.

ఏడు నెలల తర్వాత బీమా తనిఖీకి వచ్చినవాళ్లు ఆ ఫారాన్నీ, ఆపరేషన్ గదిలో తీసిన ఫొటోనూ పక్కపక్కన పెట్టారు. డాక్టర్ గారిని పిలిచారు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటిసారి ఆ కాగితం చదివారు. అక్షరాలు నావని ఆయనకు తెలుసు. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్న అక్షరాలు. ఒకసారి నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను. "సంతకం నాదేనండి. సదవకుండా పెట్టేను" అన్నారు. వాళ్లు ఇంకేదో అడిగారు. ఆయన ఆ మాటే మళ్లీ చెప్పారు.

ఏడాదిపాటు బీమా రోగులకు ఆపరేషన్ చేయకూడదని ఆయనకు ఉత్తర్వు వచ్చింది. మన ఆసుపత్రికి వచ్చేవాళ్లంతా ఇంచుమించు బీమా రోగులే. కత్తి పట్టవలసిన మనిషి పాత కుట్లు విప్పుతూ, పుళ్లకు కట్లు కడుతూ ఓపీ మూల గదిలో కూర్చున్నారు. విజయనగరం నుంచి వేరే సర్జన్ వచ్చేవారు. ఆయన దగ్గర నేను మత్తు ఇచ్చేవాణ్ణి.

ఆ తర్వాతిది మీ అందరికీ తెలుసు, ఎందుకంటే మీరంతా అక్కడే ఉన్నారు. విషయం తేలేవరకు ఆయన ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోకూడదని సంఘ పెద్దలు తీర్మానించారు. రొట్టె పంచే డీకనుగా నేనూ ఆ కూటంలో ఉన్నాను. చేయి ఎత్తమన్నప్పుడు ఎత్తాను. ఆ మొదటి ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని వరుస వరుసకూ వెళ్తూ ఆయన దగ్గరికి వచ్చాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను అక్కడే ఆగాను. ఆయన పెదవి కదపకుండా, నాకు మాత్రమే వినబడేలా, "ఆగిపోనావేటిరా? పక్కోలికియ్యి" అన్నారు. నేను పళ్లెం ఆయన మీదుగా సువార్తమ్మ గారికి అందించాను. ఆవిడ తీసుకోలేదు. భర్తకు లేనిది తనకూ వద్దని పక్కవాళ్లకు పంపేశారు. అలా పదకొండు నెలలు, ఆయన పోయేదాకా, ప్రతి నెలా మొదటి ఆదివారం.

ఒక్కసారి ఆయన ఇంటికి వెళ్లాను. పెరట్లో మునగ కొమ్మలు కొట్టిస్తున్నారు. "సార్, నేను కమిటీకి చెప్పేస్తాను" అన్నాను. ఆయన వద్దంటారని నా ఆశ. పెద్దమనసుతో నా భుజం తట్టి, పోనీలే అంటారని ఎదురుచూశాను.

"సెప్పు. నేనెప్పుడు వద్దన్నాను?" అన్నారు.

"మరి ఆరోజు మీరే నా పేరు చెప్పి ఉంటే..."

"నీ తప్పు నేనెలా ఒప్పుకుంటాన్రా? సదవకుండా సంతకం పెట్టడం నా తప్పు. అది నేను ఒప్పుకున్నాను. రాసింది నువ్వు. అది నువ్వు ఒప్పుకోవాలి. నీకోసం నేను మోస్తన్నానని అనుకోకు. నాది నేను మోస్తన్నాను."

"మీరు కోపంగా ఉన్నారు సార్."

"ఉన్నాది. లేకపోడానికి నేనేటి రాయినా? అయినా నీకోసం రోజూ ప్రార్థన సేస్తన్నాను. ఈ మునక్కాడలు కూసిన్ని పట్టుకెల్లు."

మునక్కాడలు పట్టుకుని వచ్చేశాను. వచ్చే నెల చెబుదామనుకున్నాను. అంతలో నన్ను ఆసుపత్రి సూపరింటెండెంటును చేశారు. కుర్చీలో కొంచెం కుదురుకున్నాక చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు. కనబడినప్పుడల్లా ఒక చూపు చూసేవారు, అంతే.

భూస్థాపన రోజు ఆరాధనలో సహోద్యోగిగా నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన చేతి నేర్పు గురించి, ప్రార్థన గురించి చెప్పాను. "మానవులం గనుక ఎక్కడో చిన్న పొరపాటు జరిగినా" అన్న మాట కూడా నా నోటినుంచి వచ్చింది. ఆయన పెట్టె ముందు నిలబడి, నా అబద్ధాన్ని ఆయన పొరపాటు చేశాను. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఆ మాట తర్వాత నేను అన్నం తినలేకపోయాను. మర్నాడు ఉదయం సువార్తమ్మ గారి దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. ఏరడం ఆపలేదు.

"నాకు తెల్దేటి బాబూ?" అన్నారు.

"సార్ చెప్పారా?"

"ఆయనెందుకు సెప్తారు? నెలనెలా మా వరసకొచ్చీసరికి నీ సేతిలో పళ్లెం గడగడలాడీది. ఆయన పక్కన కూకున్నదాన్ని, నాకు కనపడదేటి?"

క్షమించమని ఆవిడ కాళ్లు పట్టుకోబోయాను. ఆవిడ చేటతోనే నా చేతులను అడ్డుకున్నారు. "నన్నడగకు. నన్నడిగీసి తేలిగ్గా ఇంటికెల్లిపోదావనుకుంటన్నావేటి? ఆయనకి రొట్టె అందకపోడం సంఘం మొత్తం సూసింది. ఆ సంఘం మొత్తానికి సెప్పు. తరవాత రా. అప్పుడు కాఫీ ఇస్తాను."

అందుకే ఇది రాస్తున్నాను. డాక్టర్ కృపాదానం గారు తన జీవితంలో ఏ రోగి కాగితం మీదా అబద్ధం రాయలేదు. గురమ్మ ఫారంలోని ప్రతి అబద్ధమూ నాది. ఈ మాట బీమా కార్యాలయానికీ, ఆసుపత్రి కమిటీకీ, సంఘ పెద్దలకూ సంతకంతో రాసి ఇచ్చాను. ఉద్యోగం సంగతి వాళ్లు నిర్ణయిస్తారు. డీకను బాధ్యత నేనే వదిలేశాను. ఆయన పేరు మీద సంఘం చేసిన తీర్మానాన్ని సంఘమే నిలబడి రద్దు చేయాలని మిమ్మల్ని వేడుకుంటున్నాను. అది నాకోసం కాదు, సువార్తమ్మ గారు మళ్లీ ఆ బల్లకు రావడానికి.

దేవుడు ఒప్పుకున్న పాపాన్ని క్షమిస్తాడని చిన్నప్పటినుంచి నేర్చుకున్నాను, ఇప్పటికీ మనసారా నమ్ముతున్నాను. డాక్టర్ గారు నన్ను ఎప్పుడో క్షమించి ఉంటారని కూడా నమ్ముతున్నాను. అలాంటి చేయి, అలాంటి నాలుక, తన తప్పును ఉన్నంతే కొలిచి చెప్పగల అలాంటి మనిషి ఈ ప్రాంతానికి మళ్లీ దొరకరు. ఆయన చాలా ఇష్టంగా తీసుకునే ఆ చిన్న రొట్టెముక్క పదకొండుసార్లు ఆయన ముందునుంచి వెళ్లిపోయింది. అందులో ఏ ఒక్క ఆదివారం నేను నోరు తెరిచినా ఆ పూటే ఆయనకు అంది ఉండేది. ఇప్పుడు తెరిచాను. తీసుకోవడానికి ఆయన లేరు.