అత్తమ్మ తాళాలు ఎందుకు పెట్టిపోయింది

ఒక సినిమాలో ఒక ముసలామె తన తాళాలగుత్తి తీసి కోడలి చేతిలో పెట్టింది. ఆమె అలా ఎందుకు చేసిందో తేల్చాలని కూర్చుని నేను మా అత్తమ్మను శత్రువును చేసుకున్నాను, చేతికి రాబోయే ఉద్యోగాన్ని పుంగనూరులో దాదాపు జారవిడిచాను, ఒక వీధి మొత్తానికి ఉచితంగా వినోదం పంచాను. సినిమా తీసినవాళ్ళకు ఈ నష్టం సంగతి తెలియదు. మీకైనా తెలియాలి. చిన్ని ఇప్పుడే నిద్రపోయింది, అది లేచేలోపు చెప్పేస్తాను.

నేను ఎం.ఏ. తెలుగు చదివాను. చిన్ని పుట్టాక ఆ చదువంతా ఆవిరైపోయి ఒకే ఒక్క విద్య మిగిలింది, భయపడటం. పాప తుమ్మితే జ్వరం వస్తుందని భయం, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందని భయం. నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని, ఆ వేలితోనే దాన్ని నిద్ర లేపేదాన్ని.

ఇలాంటి మనిషికి కుప్పంలోని ఒక ప్రైవేటు కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. తెలుగు లెక్చరర్ ఉద్యోగం. సోమవారం మధ్యాహ్నం వాళ్ళ ముందు డెమో క్లాసు చెప్పాలి. ఉద్యోగం వస్తే నేను, చిన్ని, అత్తమ్మ కుప్పంలో ఇల్లు తీసుకుని ఉండేటట్టు, మా ఆయన వారానికోసారి వచ్చిపోయేటట్టు మాట అయింది. ఆయన మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా, చీకటితోనే ఇల్లు వదులుతాడు. అంటే సోమవారం చిన్నిని చూసుకోవడానికి అత్తమ్మ తప్ప వేరే దిక్కు లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఇంత కథ.

మా అత్తమ్మ పేరు రెడ్డెమ్మ, పుంగనూరు మనిషి. చిన్ని కోసం తన ఇంటినీ, చూలుతో ఉన్న ఆవునూ పక్కింటి ఫాతిమక్కకు అప్పగించి మా దగ్గరికి వచ్చింది. మా బీరువా తాళాలు ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటాయి. ఆమె నడిస్తే ఇంట్లో ఎక్కడుందో మాకు చప్పుడే చెబుతుంది.

శనివారం ఆమే అంది, "పాటం పాటం అని మొగం పీక్కపోయిండాది. సినిమాకు పోదాం పామ్మా."

పోయాం. నేర కథ. ఒక దుర్మార్గపు మొగుడు బావిలో శవమై తేలతాడు. భార్య చంపిందా, తల్లే చంపిందా అని రెండున్నర గంటలు మనల్ని తిప్పుతారు. చివర్లో పోలీసు జీపు ఇంటి ముందు ఆగుతుంది. ముసలితల్లి లోపలి నుంచి వస్తుంది, నడుముకున్న తాళాలు తీసి కోడలి చేతిలో పెడుతుంది, ఆమె వైపు ఒక చూపు చూస్తుంది, జీపెక్కుతుంది. అంతే, తెర నల్లబడింది. నేరం తన మీద వేసుకుని పోతోందా, కోడలి మీద చెప్పడానికి పోతోందా, ఎవరూ చెప్పరు.

ఎవరూ చెప్పకపోతే నేనున్నాను కదా. ఆదివారం పొద్దున ఇడ్లీపిండి కలుపుతూ మొదలుపెట్టాను.

"ఆమె కోడల్ని ఇరికించింది అత్తమ్మా. హత్య జరిగిన రాత్రి తాళాలు కోడలి దగ్గరే ఉన్నాయని పోలీసులకు చూపించడానికే చేతిలో పెట్టింది."

"అట్లంటావా," అంది అత్తమ్మ చిన్నికి నూనె రాస్తూ. "ఇంగ ఇంటికి పెద్దదానివి నువ్వే అని ఇచ్చిండొచ్చు గదా."

"మరి ఆ చూపు సంగతేంది?"

"వయసైన మనిషి. కండ్లు ఆనక అట్ల సూసిండొచ్చు."

నేను పట్టు పడితే బంక కూడా నా ముందు సిగ్గుపడుతుంది. మధ్యాహ్నం అన్నం తింటూ వాదించాను. సాయంత్రం చిన్ని గుడ్డలు మడతపెడుతూ వాదించాను. అత్తమ్మ ఒక్కో మాటకు ఒక్కో అడ్డు వేస్తూనే ఉంది. చివరికి ఓపిక చచ్చి అనేశాను.

"సినిమాలో ఆ ముసలామె మనవడిని ఎత్తుకుని ఆడించడం కూడా నాటకమే. బిడ్డను దగ్గరికి తీసుకునే ప్రతి అత్తా ప్రేమతోనే తీసుకుంటుందా? బిడ్డ చేతిలో ఉంటే కోడలు చేతిలో ఉన్నట్టే."

అత్తమ్మ ఒడిలో అప్పుడు చిన్ని ఉంది.

"ఎండేసిన గుడ్డలు ఇంకా ఉండాయి మిద్దె మీద," అని పాపను నా ఒడిలో పెట్టి పైకి పోయింది. నోట్లోంచి పోయిన మాటను వెనక్కి లాక్కునే తాడు ఇంకా ఎవరూ చేయలేదు.

ఆ రాత్రి చిన్ని ఎవరినీ పడుకోనివ్వలేదు. నాకు మెలకువ వచ్చేసరికి బాగా తెల్లవారింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తాళాల చప్పుడు లేదు. అత్తమ్మ సంచి లేదు, చెప్పులు లేవు. నా దిండు పక్కన తాళాలగుత్తి ఉంది.

నవ్వకండి. మీరైతే మాత్రం ఏమనుకునేవాళ్ళు?

మా ఆయనకు ఫోన్ చేశాను. వెనక వేలం పాట అరుపులు.

"అత్తమ్మ ఎక్కడ?"

"పుంగనూరికి పోయింది. నేనే బస్సెక్కించినా. మళ్ళా చేస్తా, లారీ లోడవతాండాది." పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. అత్తమ్మకు చేస్తే ఎత్తలేదు.

సినిమా నా ఇంట్లో రెండో ఆట మొదలైంది. తాళాలు కోడలి దగ్గర, అత్త వాహనంలో. మాట పడినందుకు మాట లేకుండా జవాబు చెప్పిపోయింది. ఈ ఇల్లు, ఈ బీరువా, ఈ బిడ్డ అన్నీ నువ్వే చూసుకో, నీ ఉద్యోగం ఎట్లా చేస్తావో నేనూ చూస్తా, ఇదే కదా దాని అర్థం. నా విశ్లేషణకు నేనే భయపడిపోయాను.

అయినా తగ్గేది లేదనుకున్నాను. డెమో మానను. కుప్పం బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. దిగి, మొహం మొహం చూసి తేల్చుకుని, చిన్నిని ఆమె చేతిలో పెట్టే పోతాను. చేతికందిన నూలుచీర చుట్టుకుని, పాపను ఎత్తుకుని, తాళాలు సాక్ష్యంగా సంచిలో వేసుకుని బస్సెక్కాను. భుజం మీద చిన్ని కక్కిన పాల మరక నాతోపాటే టికెట్ లేకుండా ప్రయాణించింది.

"యాడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"కుప్పం. కాదు, పుంగనూరు. అంటే ముందు పుంగనూరు."

"మొగుడికి ఫోన్ చేసి కనుక్కో తల్లీ, అంతలో ఆ పక్కోళ్ళకు టికెట్లు కొట్టొస్తా."

దారి పొడవునా ప్రసంగం తయారుచేశాను. మొదట గాంభీర్యం, నడుమ క్షమాపణ, చివర కన్నీళ్ళు. అవసరమైతే కన్నీళ్ళు ముందుకు జరుపుకోవచ్చు.

అత్తమ్మ ఇంటి ముందు జనం గుంపుగా ఉన్నారు. నా మాటలు అప్పుడే వీధి పంచాయితీకి ఎక్కాయనుకున్నాను. గుంపు పక్కకు జరిగింది. అత్తమ్మ మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి, చేతులకు గడ్డి అంటుకుని నిలబడి ఉంది. నేను ఇంకేమీ చూడలేదు. తిన్నగా పోయి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాను, సినిమాలో ముసలామె ఎట్లా పెట్టిందో అచ్చం అట్లాగే.

"వీటిని మీరే ఉంచుకోండి అత్తమ్మా. మీరు ఎందుకు పెట్టిపోయారో నాకు తెలుసు."

అత్తమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది.

"తెలుసునా? తెలిసి పట్టుచీర యాల కట్టుకోలా?"

"ఏ పట్టుచీర?"

"నీ ఊదారంగు చీర. ఇస్త్రీ చేసి బీరువా పైఅరలో పెట్టినా. లెక్చరరమ్మగా పోవాల్సినదానివి, కక్కిన పాలు భుజానేసుకొని వచ్చిండావే."

మరకను కొంగుతో కప్పుకున్నాను. "మరి చెప్పకుండా..."

"వానికి సెప్పలేదా నేను? ఆవు ఈనతాండాదని ఫాతిమా ఫోన్ చేసింది, నేను ముందు పోతాండా, అది చీర కట్టుకొని దావలో పాపను ఈడ దించిపోతాదిలే అని. రేయంతా నిద్రలేదు నీకు, లేపేదానికి మనసొప్పలా."

అప్పుడు చూశాను. గుంపు మధ్యలో తడి ఒంటితో ఒక పెయ్యదూడ లేవడానికి తంటాలు పడుతోంది. నా కంటే అదే నిలకడగా ఉంది.

"నేను నిన్న అన్నమాటకు కోపమొచ్చి వచ్చేశారనుకున్నా," అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను. ఈ కన్నీళ్ళు ప్రసంగంలోవి కావు.

"ఏ మాట?"

"అదే, సినిమాలో ముసలామె తాళాలివ్వడం చూసి, అత్తలు నాటకమాడతారని."

"అదా. అది నీ పాటం గదమ్మా. నిన్న దినమంతా చెప్పుకుంటాంటివి, ఎదురు అడిగేవాళ్ళు లేకపోతే ఎట్లని నేనూ అడ్డం అడిగినా."

పక్కనే ఉన్న ఫాతిమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం సినిమా రెడ్డెమ్మక్కా? కడాకు ఆ ముసలామె తాళాలు యాలిచ్చింది?"

"నాకేం తెలుసు ఫాతిమా. నేను యాడ సూసినా? పాప ఏడస్తాంటే దీని ఒళ్ళో నుంచి ఎత్తుకొని బయట తిరగతాంటి. ఇది కన్ను తిప్పలా."

గుంపు మొత్తం నా వైపు తిరిగింది. తుమ్ముకు కూడా భయపడే తల్లిని నేను. ఒడిలో బిడ్డ మాయమైనా తెలియకుండా, పరాయి ముసలామె చూపుకు అర్థం వెతుకుతూ కూర్చున్న తల్లినీ నేనే. ఆ పెయ్య కూడా నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

తర్వాతి బస్సుకు ఎక్కువసేపు లేదు. అత్తమ్మ తన ట్రంకుపెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసింది. ఆమె జాకెట్టులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. ఫాతిమక్క బట్టలు కుట్టే మనిషి కాబట్టి నా ఒంటి మీదే పట్టుకుని కుట్లు వేసింది.

"ఊపిరి గట్టిగా ఇడవద్దు బేటీ," అంది దారం కొరుకుతూ. "ఉద్యోగం వచ్చినాక ఇడువు."

చిన్ని పెయ్యను చూసి కేరింతలు కొడుతూ నేను వెళ్ళినట్టు కూడా గమనించలేదు. తల్లి పోలిక.

కుప్పంలో నా క్లాసు అయ్యాక ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు సవరించుకుని అడిగారు. "కథలో పాత్ర నోరు విప్పి చెప్పదు. ఒక పని చేసి వెళ్ళిపోతుంది. ఆమె మనసులో ఏముందో ఎలా తెలుసుకోవాలి మేడమ్?"

ఎం.ఏ.లో దీని మీద పేజీలు పేజీలు రాశాను. కానీ ఊపిరి ఆపుకున్న మనిషికి పొడుగు జవాబులు రావు.

"ఆమె ఊరికి బస్సుంటే, పోయి ఆమెనే అడగడం మంచిది సార్."

వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వబోయాను, వీపు దగ్గర ఒక కుట్టు పటుక్కుమంది. వచ్చే నెల నుంచి రమ్మని చెప్పేదాకా గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. వినయం అనుకుని ఉంటారు.

ఇప్పుడు కుప్పంలో మా అద్దె ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. అవతలి గదిలో తాళాల చప్పుడు వినబడుతోంది. చిన్ని ఉయ్యాల సాక్షిగా, పుంగనూరు పెయ్య సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా అత్తమ్మ ఏ వస్తువు ఎక్కడ పెట్టినా, ఏ బస్సెక్కినా, ఎలా చూసినా, నోరు తెరిచి అడగకుండా అర్థం తీయను. బతికున్న ఏ మనిషి మీదా నా చదువు ప్రయోగించను.

సినిమాలో ముసలామె సంగతి మాత్రం వేరు. ఆమె కోడల్ని ఇరికించడానికే తాళాలిచ్చింది. కాదనేవాళ్ళు రండి, నాకు రేపు సెలవే.