లింగస్వామి ఛాతీ మీద డబ్బా

పానగల్ పోయే తోవలో ఉన్న చేనేత కాలనీలో లింగస్వామి గుండె మొదటిసారి దెబ్బ తప్పినప్పుడు, ఆయన బరువు ఎత్తడం లేదు, ఎవరితోనూ కొట్లాడడం లేదు. అన్నం తిని, గోడకు ఆనుకొని, టీవీలో అత్తాకోడళ్ల సీరియల్ చూస్తున్నాడు. ఛాతీలో ఎక్కడో పోగు తెగినట్టయింది. పడాల్సిన చోట ఒక దెబ్బ పడలేదు. ఆ తర్వాత పడిన దెబ్బ మాత్రం పక్కింటికి వినపడిందేమో అన్నంత గట్టిగా పడింది.

"దెబ్బ తప్పింది," అన్నాడు, మగ్గం సంగతి చెప్పినట్టే.

ఆ మాట పైకి అనకుండా ఉండాల్సింది. కొడుకు విజేందర్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. తనకు కూతురు మనస్విని పుట్టినప్పటి నుంచి, నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటే గానీ అతనికి నిద్ర పట్టదు. కరోనా నాడు కొన్న వేలి మిషన్‌ను బీరువాలోంచి తీసి తండ్రి వేలికి తగిలించాడు. నాడి అంకె ఎగిరింది, పడింది, మళ్లీ ఎగిరింది. మిషన్ మంచిదో కాదో చూద్దామని తన వేలికి పెట్టుకుంటే, తన అంకె తండ్రి అంకెను దాటిపోయింది. ఆ అంకె చూసి ఇంకా పైకి పోయింది.

"రేపే దవాఖానకు పోదాం బాపు. గుండెల ఏమన్న తేలిందంటే మగ్గం లేపుడే, గుంట పూడ్చుడే. ట్రాక్టర్ మట్టి చెప్త."

ఆ గుంట గొడవ అంతకుముందు నుంచే ఉంది. లింగస్వామిది గుంట మగ్గం. ముందు గదిలో నేల తవ్వి, అందులో కాళ్లు వేలాడేసుకొని కూర్చొని నేస్తాడు. పాకడం నేర్చిన మనస్విని, ఇంట్లో నాలుగు దిక్కులుండగా, ఆ గుంట దిక్కే పాకుతోంది. విజేందర్ గది గుమ్మానికి అడ్డంగా బెంచీ వేశాడు. పిల్ల బెంచీ కింద నుంచి దూరడం నేర్చింది.

"చిన్నప్పుడు నువ్వు అండ్ల పడ్డవ్, నేను పడ్డ. ఏమైంది?" అనేవాడు లింగస్వామి.

"గందుకే తండ్రికొడుకులు గిట్లున్నరు," అనేది ఆయన భార్య లీలమ్మ, ఇద్దరి దిక్కూ చూడకుండా.

నల్లగొండ దవాఖానలో ఈసీజీ తీశారు. కాగితం చేతికి రాగానే లింగస్వామి దాన్ని కిటికీ వెలుతురులో పట్టి చూశాడు. చిన్న గళ్లు, పెద్ద గళ్లు. అచ్చం తాను డిజైన్లు గీసుకునే గ్రాఫు కాగితమే. నూలుకు ముడులు కట్టి, రంగులద్ది నేసే పనిలో ఒక్క గడి తప్పితే నెమలికి మెడ వంకర పోతుంది కాబట్టి, ఆయన కన్ను ముందు తప్పునే వెతుకుతుంది. ఈ చివర నుంచి ఆ చివరికి వేలితో గళ్లు లెక్కపెట్టుకుంటూ పోయాడు.

"మంచిగ గీసిండ్రు. ఒక్క గడి తప్పలే," అని తేల్చేశాడు.

కాలనీకి వచ్చాక చాయ్ హోటల్లో ఆ కాగితం చేతులు మారింది. తప్పు లేదని అందరూ ఒప్పుకున్నారు. డిజైన్ మటుకు చప్పగా ఉందన్నాడొకడు. మల్లేష్ అనే కుర్ర నేతగాడు మాత్రం సెల్‌లో ఫొటో తీసుకున్నాడు. "మామా, ఎర్ర నేల మీద అంచుకు వేస్తే నడుస్తది గదా," అన్నాడు.

"నడుస్తది గానీ, ఎవరి గుండె అంటే ఏం చెప్తవ్ రా?" అన్నాడు లింగస్వామి.

విజేందర్‌కు ఈ సంతోషం మింగుడు పడలేదు. "బాపు, అది పది సెకండ్ల ముచ్చట. జానెడు బట్ట చూసి చీరంత మంచిగున్నదంటవా?"

లింగస్వామి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది బేరగాళ్లకు తాను చెప్పే మాటే.

మర్నాడు మళ్లీ దవాఖానకు పోతే, డాక్టరమ్మదీ అదే మాట. ఆమె లింగస్వామి ఛాతీకి తీగలు అతికించి, వాటి కొసకు అరచేతిలో పట్టే డబ్బా కట్టింది. రేపు ఈ వేళ వరకూ ఇది గుండె ప్రతి దెబ్బనూ పట్టుకుంటుందని చెప్పింది. "స్నానం ఒక్కటి చెయ్యకండి. మిగతా పనులన్నీ రోజూలాగే చెయ్యండి," అంది.

కానీ డబ్బాతో ఇంట్లోకి ఎవరు రోజూలాగా అడుగు పెడతారు? డబ్బాకు ఏమీ దొరకకూడదని లింగస్వామి ఒట్టు పెట్టుకున్నాడు. దొరికితే మగ్గం పోతుంది. లీలమ్మకు మగ్గం పోవడం ఇష్టం లేదు, కానీ జబ్బు దాక్కోవడం అంతకన్నా ఇష్టం లేదు. "దొంగ ఇంట్లనే ఉండంగ పోలీసులు వచ్చి వట్టి చేతుల పోతే, మల్ల మనకే గదా ఫికర్," అంది. ఎట్లాగైనా ఇవాళే ఆ గుండె చేత తప్పు చేయించాలని కొంగు బిగించింది.

ముందు చాయ్‌లో ఉప్పు వేసింది. లింగస్వామి తాగి, బాగుందన్నాడు. నేసిన చీరలన్నీ సేటు వాపసు పంపాడట అంది. "పాపం, ఆయనకేం కష్టమొచ్చిందో," అన్నాడు. లీలమ్మ చెప్పులేసుకొని బయటికి పోయింది. వచ్చేటప్పుడు వెంట తన అన్న పోచయ్యను తెచ్చింది.

పోచయ్యకూ లింగస్వామికీ తెలంగాణ వచ్చిన ఏడు నుంచీ మాటల్లేవు. ఆ ఏడు లింగస్వామి నేసిన ఏనుగును చేనేత సంఘం ఆఫీసులో పదిమంది ముందు పైకెత్తి, ఇది బర్రె అన్నాడు పోచయ్య. అంతే. తర్వాత పెళ్లిళ్లలో కూడా ఇద్దరూ వేర్వేరు పందిరి గుంజలకు ఆనుకొని తిన్నారు.

పోచయ్య వచ్చి, కుర్చీ కొస మీద కూర్చొని, గొంతు సవరించుకున్నాడు. "నాకైతే ఏం లేదు బావ. చెల్లె వచ్చి పిలిచింది, నీకు జర కోపం తెప్పియ్యుమని."

"మంచిది బావ. కానియ్యి."

"నీ ఏనుగు బర్రె లెక్కుండె."

లింగస్వామి ఛాతీలో ఎగిరింది. ఒక దెబ్బ తప్పింది, ఇంకొకటి గుద్దింది. మొహం కదిలితే డబ్బాకు తెలిసిపోతుందన్నట్టు, ఫొటోకు కూర్చున్నవాడిలా నవ్వాడు.

"బర్రెనే బావ. నేనే ఎన్నడో ఒప్పుకోవాల్సి ఉండె."

పోచయ్య బిత్తరపోయాడు. "గట్లెట్లంటవ్? తొండం లేదా దానికి?"

"తొండం కాదు, తోక. ముందటికొచ్చింది."

"మరి చెవులు?"

"బర్రెకు చెవులుండయా బావ?"

"ఎహె, గది ఏనుగే," అని లేచి నిలబడ్డాడు పోచయ్య. "నేనేదో సంఘంల నలుగురున్నరని అన్న. ఇన్నేండ్లు మాట్లాడకుంట కూసొని, గిప్పుడు బర్రె అంటవా? మరి నేను ఎందుకు కొట్లాడిన?" ఆయన చెమటలు కక్కుతూ మళ్లీ కూలబడ్డాడు. విజేందర్ పరుగెత్తుకొచ్చి వేలి మిషన్‌ను మామ వేలికి తగిలించాడు. లీలమ్మ నీళ్లు తెచ్చింది. లింగస్వామి బావకు విసనకర్రతో విసిరాడు. ఆ విసురుతున్నంత సేపూ లోపల దెబ్బ తప్పుతూనే ఉంది, పైన నవ్వుతూనే ఉన్నాడు.

పోచయ్యను ఇంటికి పంపాక లీలమ్మకు ఆఖరి ఆలోచన తట్టింది. "రోజు చేసే పని చెయ్యుమన్నది డాక్టరమ్మ. మగ్గం ఎక్కు."

అదే ఆయన భయం. ఇంట్లో అందరి లెక్కా ఒకటే: మగ్గం మీది కష్టమే గుండెను పాడుచేస్తోంది. ఎక్కనంటే దొంగ దొరికినట్టే. లింగస్వామి తీగలు సర్దుకొని గుంటలోకి కాళ్లు దించాడు. నాలుగు పోగులు మెల్లగా వేశాడు, చెవి లోపలికి పెట్టి. ఐదో దానికి అడ్డంగా పోయే పేక నూలులో ఒక నీలం మచ్చ పక్క గడిలోకి జరిగినట్టు కనపడింది. దాన్ని గోటితో వెనక్కి జరిపాడు. ఆ తర్వాత ఛాతీ మీద డబ్బా ఉన్న సంగతి, లీలమ్మ వచ్చి లైటు వేసేదాకా, గుర్తుకు రాలేదు.

మర్నాడు డబ్బా ఇచ్చేశారు. గుండె స్కానింగు కూడా తీశారు. రిపోర్టు చేతబట్టి డాక్టరమ్మ పిలిచేసరికి విజేందర్ ట్రాక్టర్ వాడి నంబరు సెల్‌లో తీసి పెట్టుకున్నాడు.

"దెబ్బలు తప్పుతున్నాయి. బాగానే తప్పుతున్నాయి," అందామె. లింగస్వామి తల దించుకున్నాడు. "మధ్యాహ్నం ఒక వేళలో మరీ ఎక్కువ. అప్పుడేం చేస్తున్నారు?"

"మా బావతోటి మంచిగ మాట్లాడిన మేడం."

"కోపం వచ్చిందా?"

"రానియ్యలే."

ఆమె పెన్ను కింద పెట్టి కాసేపు నవ్వు ఆపుకుంది. తర్వాత సాయంత్రం కాగితాలు తీసింది. అక్కడంతా ఒక్క తప్పు లేకుండా నడిచింది. మగ్గం ఎక్కాక గుండె వేగం పెరిగింది, తప్పులు మాయమయ్యాయి. మీ గుండె గట్టిది, నిర్మాణంలో దోషం లేదు, ఇట్లాంటివి చాలామందికి ఊరికే కూర్చున్నప్పుడే వస్తాయి, పని మొదలుపెట్టగానే పోతాయి అని చెప్పింది. కళ్లు తిరిగినా, పడిపోయినా వెంటనే రావాలని, చాయ్ తగ్గించాలని, ఆరు నెలలకోసారి చూపించుకోవాలని అంది.

"మరి మగ్గం?" అన్నాడు విజేందర్.

"హాయిగా నెయ్యమనండి."

విజేందర్ సైన్సు చదివినవాడు. కళ్ల ముందు రుజువు పెట్టుకొని దానితో కొట్లాడలేడు. దారిలోనే ట్రాక్టర్ నంబరు తీసేశాడు. కానీ పిల్ల పాకడం మానలేదు కదా. వారంలోగా ముందు గదికి ఇనుప జాలీ తలుపు పెట్టించాడు. గడియ బయట వైపు.

లీలమ్మ మాత్రం డాక్టరమ్మ మాటల్లో ఒక్కటే గట్టిగా పట్టుకుంది: కూర్చుంటే తప్పుతుంది, నేస్తే తప్పదు. ఇప్పుడు ఆయన అన్నం తిని గోడకు ఆనుకుంటే చాలు, "లెవ్వు, లెవ్వు, గుండె," అంటూ గదిలోకి తోలి గడియ పెడుతుంది. వచ్చిన చుట్టాలు జాలీ బయట కుర్చీ వేసుకొని, జైల్లో ఖైదీతో మాట్లాడినట్టు మాట్లాడి పోతున్నారు. వంటింట్లో ఆమె చెవి ఎప్పుడూ మగ్గం మీదే. చప్పుడు ఆగిందంటే ఉల్లిగడ్డ కోస్తూనే, "ఏమైంది?" అని కేకేస్తుంది. "నాడెల నూలు మారుస్తున్న," అంటే, "బిరాన మార్చు," అంటుంది.

మొన్నొకరోజు చప్పుడు మరీ సాఫీగా వస్తోందని ఆమెకు అనుమానం వచ్చింది. చేయి తుడుచుకుంటూ వచ్చి జాలీలోంచి చూసింది. లింగస్వామి గోడకు జారగిలబడి, కళ్లు మూసుకొని, ఒక కాలితో చెక్క తొక్కుతూ, ఒక చేత్తో పోగును దగ్గరికి కొట్టే పలకను ఊరికే ముందుకు లాగి వదులుతున్నాడు. పోగు మోసే నాడె పక్కన పడుంది. జాలీకి ఇవతల మనస్విని, కమ్మీలు పట్టుకొని నిలబడి, ప్రతి దెబ్బకూ మోకాళ్లు వంచి ఎగురుతోంది.

"పోగు లేకుంటనే కొడ్తున్నవా?"

"గుండెకు పోగుతోని ఏం పని?" అన్నాడు కళ్లు తెరవకుండా.

లీలమ్మ గడియ మీద చెయ్యి పెట్టి ఆలోచించింది. డాక్టరమ్మ బట్ట సంగతి ఏమీ చెప్పలేదు.

"సరే. జర జోరుగ కొట్టు," అని, పొయ్యి మీద కూర గుర్తొచ్చి లోపలికి పోయింది.