ముగ్గుపిండి పాదాలు

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, మేము కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉండేవాళ్ళం. నేను బడికి వెళ్ళేదాన్ని కాదు, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకునేదాన్ని. ఆ ఏడాది ఆగస్టు పదిహేనున వీధంతా జెండాతో కవాతు చేయాలని పక్కింటి మిలిటరీ తాత పట్టుబట్టాడు. మధ్యలో జెండా పట్టుకుని తాను, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. అయిదుగురు కుదరకపోతే జెండా కదలదని తేల్చేశాడు.

వారం రోజులు ఇంటింటికీ తిరిగాడు. పిల్లలు తమ బడులకు వెళతారు, పెద్దవాళ్ళకు సెలవు నిద్ర కావాలి. అందరూ "చూస్తాంలే తాతా" అన్నవాళ్ళే. వస్తానన్నది నేనొక్కదాన్నే. బడి పిల్లల్ని చూసి కుళ్ళుకునే నాకు, ఒక్కరోజు జెండా పక్కన నడిస్తే చాలనిపించింది.

ఆ ఉదయం మబ్బు ఇళ్ళ కప్పుల మీదికి దిగింది. రైలు కూత నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుంది. ఎవరూ రాలేదు. తాత మా ముగ్గు డబ్బా తెచ్చి, రోడ్డు మీద నాలుగు జతల పాదాలు వేశాడు. చిన్న జతలో నన్ను నిలబెట్టాడు. మిగిలిన మూడూ తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. ఎవరినీ పిలవలేదు. ఇంతలో తుంపర మొదలైంది. పాదాలు కరిగిపోతే నన్ను ఇంటికి పొమ్మంటాడని నాకు ఒకటే దడ.

పూలమ్మే అక్క ఆగింది. "ఎవరివి తాతా ఈ కాళ్ళు?"

"రావాల్సినోళ్ళవి."

"ఒగ కాలు పెట్టి చూస్తా, అంతే."

"పెట్టమ్మా. నీ గంప యాడికీ పోదు."

రెండో కాలూ పెట్టింది. పాలు పోసే ఆయన సైకిల్ ఆపి నవ్వాడు. "పూలక్క మిలిటరీలో చేరిందప్పా!"

"నవ్వింది చాలు. పక్కన జాగా ఉండాది, రా," అంది అక్క. ఆయనా వచ్చాడు.

చివరి జత ఎదురింటాయన వాకిలి ముందే మిగిలింది. కిటికీలోంచి చూసి చూసి, చివరికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ దిగాడు.

నడిచాం. ఒకరి అడుగు ఇంకొకరితో కలవలేదు. జెండా తలల మీద మెల్లగా ఊగుతుంటే, నేల మీద నడిచానో మబ్బులో నడిచానో ఇప్పటికీ చెప్పలేను.

అడిగితే జనం తప్పించుకుంటారు. తమ చోటు ఖాళీగా కంటికి కనిపిస్తే తప్పించుకోలేరు. ఇది తాత నోటితో చెప్పలేదు, నేనే చూశాను. ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకుందామని పెద్దల తరగతికి వెళ్ళి, సిగ్గుతో గుమ్మంలోనే ఆగిపోయాను. ముందు వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది. ఎవరూ పిలవలేదు. వెళ్ళి కూర్చున్నాను.