పచ్చ చుక్క లేని ఇటలీ సీసా

నిన్న స్నేహితుడి ఇంట్లో పెకోరీనో అనే ఇటలీ తెల్ల వైన్ రుచి చూశాను. పుల్ల ద్రాక్ష కొరికినట్టు నాలుక చురుక్కుమంది. ఇంకో సీసా ఇస్తే ఇవాళ భిలాయిలో మా క్వార్టర్‌కు తెచ్చాను. ఇటలీ కొండల్లో గొర్రెలు ఈ ద్రాక్షను ఇష్టంగా తినేవట, అందుకే గొర్రె పేరు పెట్టారట అని ఇంట్లో గొప్పగా చెప్పాను.

చెప్పకుండా ఉండాల్సింది. శనివారాలు మా ఇంట్లో నీచు ఉండదు. మందు సంగతి వదిలేసి, అమ్మ ఫ్రిజ్‌కు అడ్డంగా నిలబడింది.

“శనివారం పూట గొర్రిదేటిరా ఇంట్లోకి? ప్యాకెట్లకుండే పచ్చ చుక్క దీనికేదీ?”

స్టీల్ ప్లాంటులో రిటైరైన నాన్న కల్పించుకున్నారు. “అరే, గొర్రి ద్రాక్షని తిన్నాది గానీ, ద్రాక్ష గొర్రిని తిన్లేదు కదే!”

అమ్మ కదల్లేదు. నాన్న అద్దానికి అంటించి ఉన్న అమ్మ ఆకుపచ్చ స్టిక్కర్ బొట్టు తెచ్చి సీసాకు అతికించారు. అమ్మ తిప్పి తిప్పి చూసి, పెరుగు గిన్నె పక్కకు జరిపి దానికి చోటిచ్చింది.

“రేపు మూత తీసినప్పుడు నా బొట్టు మళ్లీ అద్దానికి అంటించీయండి,” అంది.

ప్రస్తుతం మా ఇంట్లో అందరికన్నా నిష్ఠగా ఉన్నది ఆ సీసాయే. మీ ఫ్రిజ్‌లో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?