సీల్ తీయని సీసా, మూడు మాటలు

జ్ఞాపకాన్ని ఇచ్చినవాడూ దాన్ని కాపాడేవాడూ అయిన దేవునికి మహిమ కలుగును గాక.

కోవిడ్ సద్దుమణిగిన రెండో ఏట, జనవరిలో, గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను మందుల పరీక్షకు కోఆర్డినేటర్‌గా వేశారు. అప్పటిదాకా ఫార్మసిస్టును. కీళ్ల వాపులకు ఏళ్లుగా వాడుతున్న మాత్ర అల్జీమర్స్‌కు పనికొస్తుందేమో చూడాలి. ఆ జబ్బులో మెదడులోనూ ఒక రకం వాపు ఉంటుందని వైద్యుల అంచనా. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి అలాగే కనిపించే ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. నెలకొక సీల్ వేసిన సీసా ఇస్తాం. మరుసటి నెల అదే సీసా తెప్పించుకుని మిగిలినవి చూస్తాం.

ప్రత్తిపాడు నుంచి శాంతమ్మగారిని కూతురు సువార్త తీసుకొచ్చేది. ఆ తల్లి సండేస్కూలు పిల్లలకు నలభై ఏళ్లు వాక్యాలు కంఠతా పట్టించిన మనిషి. ఇప్పుడు కూతురి పేరే తెలియదు. పరీక్షలో మూడు మాటలు చెప్పి, "మనసులో దాచుకోండి" అని, ఐదు నిమిషాలయ్యాక అడుగుతాం. కూతురు బయటే కూర్చోవాలి. ప్రతి నెలా మాటలు మారతాయి. జనవరిలో చెప్పినవి గొడుగు, గంట, జామకాయ. ఆమె ఒక్కటీ చెప్పలేదు. ఫిబ్రవరిలోనూ అంతే.

మార్చి చివర వచ్చారు. కల్లాల్లో మిరప ఎండే రోజులు. ఆమె చీరలోనూ ఆ ఘాటే. నేనింకా ఆ నెల మాటల కాగితం తెరవలేదు.

"నువ్వు దాచమన్నవి నా దగ్గరే ఉన్నాయమ్మాయ్," అంది శాంతమ్మగారు. "గొడుగు, గంట, జామకాయ. బరువుగా ఉన్నాయి. తీసుకుపోతావా?"

అవి జనవరి నాటి మాటలు. సువార్తను లోపలికి పిలిచి, ఈవిడెవరని శాంతమ్మగారిని అడిగాను.

"ఎవరో పాపం, ఎండన పడి వచ్చింది. మంచినీళ్లివ్వండి."

సువార్త తిరిగిచ్చిన ఫిబ్రవరి సీసాకు సీల్ తీయలేదు.

"ఈస్టరు ముందటి శ్రమదినాలు కదండీ మేడం. ఈ నలభై రోజులూ మాత్రలు పక్కనబెట్టి దేవుడి మీదే ఆనుకుందామని తీర్మానం చేసుకున్నా. రాయకండి. మీరూ విశ్వాసే కదా! మీరు తీసేస్తే అమ్మకి ఇంకే దారుంది?"

రాస్తే ఆమెను పరీక్ష నుంచి తప్పిస్తారు. దాచితే ఆ మూడు మాటలు వేసుకోని మాత్ర ఖాతాలో పడతాయి, ఇంకొకరి తల్లికి అబద్ధపు ఆశ అవుతాయి. డాక్టరుగారికి చెప్పాను.

"ప్రార్థనను ఏ గడిలో రాస్తారు మేడం?" అన్నారాయన. నవ్వబోయి మానుకున్నారు.

ఆ నెల ఫారంలో రాశాను: వేసుకున్న మాత్రలు సున్నా, అడగకుండా చెప్పిన పాత మాటలు మూడు. రెంటి మధ్యా కారణం రాయలేదు. శాంతమ్మగారిని తప్పించారు. చూసింది రాయాలి, నమ్మింది రాయకూడదు. ఈ ఉద్యోగంలో విశ్వాసికే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలని ఆ రోజు నేర్చుకున్నాను.

చదువుతున్న మీరూ ఒక్క క్షణం నాతో తల వంచండి. తండ్రీ, నేను తిరిగి తీసుకోలేని ఆ మూడింటి బరువు ఆమె దగ్గర నుంచి నీవే తీసుకో. ఆమేన్.