ముందు మనుషుల్ని దించాలి

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా పిన్నిగారు ఫోన్ చేశారు. "మీ బాబాయిగారు పోయారమ్మా" అన్నారు. మా ఎదురు ఫ్లాట్ ఆయన. చుట్టరికం లేదు, పిలుపే. ఆ పిలుపుతోనే ఏళ్ళ తరబడి నా కారును సొంతం చేసుకున్నారు.

బిల్డర్ల ఆఫీసుల్లో గాజుపెట్టె కింద బుల్లి అపార్ట్‌మెంటు మీరూ చూసే ఉంటారు. అలాంటి నమూనాలు చేయడం ఆయన పని. చేయడం ఒక ఎత్తు, చేర్చడం ఒక ఎత్తు. ఆటోలను నమ్మేవారు కాదు. నమూనా నా డిక్కీలో, ఆయన నా పక్కన. స్పీడ్‌బ్రేకర్ కనబడితే చాలు, "నెమ్మదమ్మా, నెమ్మది!" కారు నాదో ఆయనదో నాకే అనుమానం వచ్చేది.

ఒకసారి నమూనా సర్దిన చెక్కపెట్టెలో ఖాళీ ఉందని పాత చీర కూరబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు.

"మెత్తనిదే కదా అనుకుంటారు. కుదుపులో అదే బాల్కనీలు విరగ్గొడుద్ది. కింద పీట బిగిస్తే చాలు, పైన దేన్నీ తగలనీయకూడదు."

నమూనా నిలబెట్టిన పీటను పెట్టె అడుక్కి మరలతో బిగించేవారు. అంతకన్నా ముందు, నమూనాలోని బుల్లి మనుషుల్ని పట్టకారుతో తీసి మాత్రల డబ్బాలో పెట్టేవారు. "ముందు మనుషుల్ని దించాలి. ఇల్లు చేరాక ఎక్కించాలి" అనేవారు.

చివరగా చేసింది ఏ బిల్డరుకీ కాదు. పామర్రులో మంచం పట్టిన అక్కగారి కోసం, వాళ్ళు పుట్టి పెరిగిన నేతింటి నమూనా. ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టేశారు. "ఒక్కసారి చూడాలనుందిరా" అని ఆవిడ అడిగారట. పూర్తి చేశారు గానీ చేర్చలేకపోయారు. పెద్దకర్మ అయ్యాక పిన్నిగారు, "నువ్వే తీసుకెళ్ళాలమ్మా" అన్నారు. అందులోని బుల్లి మగ్గానికి వెంట్రుకల్లాంటి దారాలు కట్టి ఉన్నాయి. ఒకటి తెగినా మళ్ళీ కట్టే చెయ్యి లేదు.

మనుషుల్ని దించాను. పీట బిగించాను. పక్క సీటు ఖాళీ. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా "నెమ్మదమ్మా" అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉయ్యూరు దాటాక ఏడుపు ఆగలేదు. ఇంత ఓపిగ్గా నాకు ఇంకెవరూ ఏదీ నేర్పలేదు.

మంచం పక్కన బల్ల మీద పెట్టి మూత తీశాను. ఒక్క దారమూ తెగలేదు. మాత్రల డబ్బా అక్కగారికి ఇచ్చాను. "అమ్మ" అంటూ మగ్గం ముందు ఒక బొమ్మను పెట్టారు. "నాన్న" అంటూ అరుగు మీద ఇంకొకటి. రెండు జడల పిల్లను చూసి, "నన్నింత లావుగా చేశాడేంటి, వెధవ!" అని నవ్వారు.

నిక్కరు పిల్లాడు ఆవిడ అరచేతిలో మిగిలాడు. వాకిట్లో వాడి కోసం వదిలిన బెజ్జం చూపించాను.

"ఉండనీ అమ్మా. ఇప్పుడేగా వచ్చాడు" అని అక్కగారు గుప్పిట మూసుకున్నారు.